హెవీ లైసెన్స్ ఎలా తీసుకోవాలి, ఏ స్కూల్లో చేరాలి

"అన్నా, హెవీకి ఎంతవుతుంది? ఎన్ని రోజుల్లో వస్తుంది?" వారంలో ఇద్దరు ముగ్గురైనా ఈ రెండు ప్రశ్నలే అడుగుతారు. పదహారేళ్లు లారీ తోలాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో డ్రైవర్లను చూసి పనిలో పెట్టుకునే పని నాది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను.

మొన్నామధ్య ఒక కుర్రాడు వచ్చాడు. చేతిలో కొత్త హెవీ కార్డు. యార్డులో ఉన్న పది టైర్ల బండిని గేటు దాకా తీసుకురమ్మన్నాను. స్టార్ట్ చేసి వెంటనే గేరు వేశాడు. బండి కదల్లేదు. మళ్లీ వేశాడు, ఇంజిన్ ఆగిపోయింది. "అన్నా, బ్రేకులు పట్టేసినట్టున్నాయి, మెకానిక్‌ని పిలవండి" అన్నాడు. బండికి ఏమీ కాలేదు. లారీ బ్రేకులు ఎయిర్, అంటే గాలి ఒత్తిడితో పనిచేస్తాయి; రాత్రంతా నిలబెట్టిన లారీలో ఆ ఎయిర్ దిగిపోతుంది, మళ్లీ నిండేదాకా పార్కింగ్ బ్రేకు విడవదు. శిక్షణలో మొదటి రోజు చెప్పే పాఠం అది. అతను శిక్షణకే వెళ్లలేదు. ఏదో స్కూలుకు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. టెస్టు ఎలా పాసయ్యాడో నేను అడగలేదు.

అందుకే కింద లైసెన్స్ కాగితాల గురించి తక్కువ, స్కూలు గురించి ఎక్కువ రాశాను. కాగితాలు ఎలాగూ అవుతాయి.

ముందు తేల్చుకోండి: మీకు హెవీ కావాలా?

చాలామందికి అవసరం లేకుండానే ఏజెంట్లు హెవీ పెట్టించేస్తారు. బండి మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి ఆర్‌సీలో రాసి ఉండే బరువు 7,500 కిలోల లోపయితే అది లైట్ వాహనమే. టాటా ఏస్, బొలెరో పికప్, చిన్న ఈచర్ వ్యాన్లు కొన్ని ఈ లెక్కలోకి వస్తాయి. ఇలాంటి సరుకు బండి నడపడానికి మామూలు కారు లైసెన్స్ సరిపోతుందని, దానిపై విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌లో అదనంగా వేసే అనుమతి) అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది.

7,500 కిలోలు దాటితే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ తప్పనిసరి. 12,000 కిలోలు దాటిన సరుకు బండి చట్టం లెక్కలో హెవీ. ఆరు టైర్ల లారీ 18.5 టన్నులు, పది టైర్ల లారీ 28.5 టన్నుల దాకా ఉంటాయి కాబట్టి వాటి గురించి అనుమానమే లేదు. ఈచర్‌ల దగ్గరే జనం పొరపడతారు. ఒకే పేరుతో 7 టన్నుల బండీ ఉంటుంది, 10 టన్నులు దాటిన బండీ ఉంటుంది. బండిని చూసి అంచనా వేయకండి, ఆర్‌సీ తీసి చూడండి.

బస్సు, బ్యాడ్జి సంగతులు వేరు. ఇక్కడ లారీ గురించే చెబుతున్నాను.

ఏమేం ఉండాలి

- వయసు 20 నిండాలి. కారుకు 18 చాలు, ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి 20.
- లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. అది లేకుండా హెవీ ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లైసెన్స్) ఇవ్వరు. బైకు లైసెన్స్ పదేళ్లుగా ఉన్నా లెక్కలోకి రాదు.
- ఫారం 1-ఏ. డాక్టరు సంతకంతో ఉండే మెడికల్ సర్టిఫికెట్ ఇది.
- ఫారం 5. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్. కారుకు ఇది లేకపోయినా నడుస్తుంది, ట్రాన్స్‌పోర్ట్‌కు నడవదు.
- ఆధార్, పాత లైసెన్స్, ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ నంబరు. ఓటీపీ దానికే వస్తుంది. నంబరు మారిపోయి ఉంటే ముందు ఆ పని చూసుకోండి.

ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ అడుగుతారా అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ నిబంధనను 2019లోనే తీసేశారు. దాని పేరు చెప్పి ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

1. కళ్లు చూపించుకోండి

అన్నింటికంటే ముందు ఇదే. స్కూలుకు ఫీజు కట్టాక కంటి దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను. మంచి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. రంగులు గుర్తుపట్టడంలో తీవ్రమైన లోపం ఉండకూడదు. అద్దాలతో చదవగలిగితే ఇబ్బంది లేదు, పెట్టుకుని నడపండి. రేచీకటి ఉంటే దాచిపెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోకండి. లారీ పని సగం రాత్రిపూటే.

డాక్టరును చూడకుండానే సంతకం పెట్టించి తెస్తామని ఏజెంట్లు అంటారు. ఆ వంద, రెండొందలు మిగిలించుకోవడానికి మీ కళ్ల సంగతి మీకే తెలియకుండా పోతుంది.

2. స్కూలును ఎంచుకోండి

ఇక్కడ తొందరపడకండి. రెండు మూడు రోజులు తిరగండి.

నిబంధన ప్రకారం హెవీ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో మీరు స్టీరింగ్ పట్టే సమయం 15 గంటలకు తగ్గకూడదు. అంటే రోజుకు సగటున అరగంట. ఈ లెక్క గుర్తుపెట్టుకుని స్కూలుకు వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఒక ట్రిప్పులో బండి ఎంతమంది ఎక్కుతారు?"

ఆరుగురు ఎక్కి గంట తిరిగొస్తే మీ వంతు పది నిమిషాలు. నెలంతా రోజూ వెళ్లినా అయిదు గంటలే. నెల రోజులు నేర్చుకున్నానని మీరనుకుంటారు, ఫారం 5లో పదిహేను గంటలని రాసుంటుంది, చేతికి వచ్చింది మాత్రం అయిదు గంటల పని. ఫీజు తక్కువ అని చేరే స్కూళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఫీజులు పోల్చేటప్పుడు మొత్తాన్ని స్టీరింగ్ గంటలతో భాగించి చూడండి. తక్కువ ఫీజు స్కూలే చాలాసార్లు ఖరీదైనదని తేలుతుంది.

ఇంకా చూడాల్సినవి:

గోడ మీద లైసెన్స్ ఉందా? డ్రైవింగ్ స్కూలుకు ఫారం 11లో ఆర్టీఏ ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. తేదీ అయిపోయిందేమో, అందులో హెవీ ఉందో లేదో చదవండి. కారు నేర్పడానికి లైసెన్స్ తీసుకుని, హెవీకి ఎవరి లారీనో అద్దెకు తెచ్చేవాళ్లు ఉంటారు.

బండికి డ్యూయల్ కంట్రోల్ ఉందా? నేర్పే మనిషి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. క్యాబిన్ ఎక్కి కళ్లతో చూడండి. బండి మీద స్కూలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాసి ఉండాలి. ఇవి లేకపోతే అది స్కూలు బండి కాదు, కిరాయి బండి.

రిజిస్టరు చూపిస్తారా? ఎవరు ఎన్ని గంటలు నడిపారో ఫారం 15 రిజిస్టరులో రాయాలి. "అదంతా ఆఫీసు పని, మీకెందుకు" అంటే లేచి వచ్చేయండి. చూపిస్తే, ముందే నెల మొత్తానికి సంతకాలు పెట్టించుకున్నారేమో గమనించండి.

బండి ఎలాంటిది? ఎయిర్ బ్రేకులున్న లారీ మీదే నేర్చుకోవాలి. పాత చిన్న వ్యాన్ మీద నేర్పి హెవీ అనిపించేవాళ్లుంటే వద్దు. వారంలో ఒక్కరోజైనా లోడుతో తిప్పుతారా అని అడగండి. ఖాళీ లారీ, లోడు లారీ ఒకటే బండి అయినా రెండు వేరువేరు జంతువులు.

టెస్టు రోజు బండి ఎవరిది? టెస్టుకు లారీ మీరే తీసుకెళ్లాలి. చాలా స్కూళ్లు దానికి విడిగా అద్దె తీసుకుంటాయి. ఫెయిలైతే రెండోసారి అద్దె ఎంతో కూడా ముందే మాట్లాడుకోండి. రసీదు లేకుండా ఏ డబ్బూ ఇవ్వకండి.

ఫీజు కట్టేముందు ఒక రోజు వెనక సీట్లో కూర్చుని క్లాసు చూస్తానని అడగండి. నేర్పే మనిషి మాట తీరు అరగంటలో తెలిసిపోతుంది. తప్పు చేసినప్పుడు తిట్టి స్టీరింగ్ లాక్కునేవాడి దగ్గర ఏమీ రాదు. తప్పెక్కడ జరిగిందో చెప్పి మళ్లీ చేయించేవాడు కావాలి.

ప్రైవేటు స్కూలు కాకుండా వేరే దారులూ ఉన్నాయి. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ కొన్నిచోట్ల హెవీ డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతున్నాయి. బస్సు మీద నేర్పినా క్లచ్, ఎయిర్ బ్రేకు, మలుపుల పాఠాలు గట్టిగా వస్తాయి. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో వచ్చిన శిక్షణ కేంద్రం ఉంది. వీటన్నింటికంటే మేలు అక్రెడిటేషన్ ఉన్న డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతి ఇది. హెవీ నేర్పాలంటే సెంటర్‌కు రెండెకరాల స్థలం, సిమ్యులేటర్, ట్రాక్ ఉండాలి. కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పరీక్ష పాసైతే ఆర్టీఏలో మళ్లీ డ్రైవింగ్ టెస్టు అక్కర్లేదు. అయితే బోర్డు మీద "గవర్నమెంట్ గుర్తింపు" అని ఉన్నంత మాత్రాన అది ఈ రకం సెంటర్ అయిపోదు. మామూలు స్కూలుకీ ప్రభుత్వ లైసెన్సే ఉంటుంది. మీ ఆర్టీఏ ఆఫీసులో అడిగి ఖాయం చేసుకోండి.

3. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి

కేంద్ర రవాణా శాఖ వారి లైసెన్స్ సైట్ సారథి పోర్టల్‌లోనో, మీ రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లోనో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు కట్టి స్లాట్ బుక్ చేయడం ఫోన్‌తో అయిపోతుంది, మీసేవ, ఇంటర్నెట్ సెంటర్ల దగ్గరా చేయించుకోవచ్చు. ఫారంలో ఏ రకం వాహనమో ఎంచుకునే చోట ఒకటికి రెండుసార్లు చూడండి. అక్కడ తప్పు పడితే చివర కార్డులోనూ తప్పే వస్తుంది.

కేంద్ర నిబంధనల్లోని ఫీజులు ఇవి: ఎల్‌ఎల్‌ఆర్‌కు 150 రూపాయలు, డ్రైవింగ్ టెస్టుకు 300, ఉన్న లైసెన్స్‌లో కొత్త తరగతి చేర్చడానికి 500. వీటి మీద సర్వీసు చార్జీ, కార్డు, పోస్టు ఖర్చు కలుస్తాయి. వేలకు వేలు అడిగేవాళ్లు ఆఫీసు ఫీజు పేరు చెబితే ఈ లెక్క చూపించండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లగలరు. కాబట్టి "పది రోజుల్లో హెవీ" అన్న మాట ఎక్కడ విన్నా నమ్మకండి.

ఎల్‌ఎల్‌ఆర్ మీద రోడ్డెక్కాలంటే పక్కన హెవీ లైసెన్స్ ఉన్నవాడు, బండిని ఆపగలిగే చోట కూర్చుని ఉండాలి. ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. మా బావ లారీ ఉంది కదా అని రాత్రిపూట ఒంటరిగా తీసుకెళ్లకండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి ఇచ్చిన డబ్బును మీ బావ దగ్గర వసూలు చేస్తుంది.

4. నేర్చుకోండి, ఈ వరసలో

మొదటి వారం బండి కదలకముందు చేసే పని మీదే పెట్టండి. టైర్లు తట్టి చూడటం, ఆయిల్, కూలెంట్, లైట్లు, అద్దాలు సరిచేసుకోవడం, ఎయిర్ మీటరు నిండేదాకా ఆగడం. ఇవి చేతికి అలవాటు కావాలి, గుర్తుచేసుకునే పని ఉండకూడదు.

తర్వాత క్లచ్. కారు నుంచి వచ్చినవాళ్లు హాఫ్ క్లచ్‌లో పాదం పెట్టి వదలరు. లారీలో అది నాలుగు రోజుల్లో క్లచ్ ప్లేటు వాసన వచ్చేలా చేస్తుంది, ఓనరు మిమ్మల్ని వెంటనే పంపించేస్తాడు.

మలుపులు. వెనక టైర్లు ముందు టైర్ల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమకు తిరిగేటప్పుడు ఎడమ అద్దంలోనే చూడండి, అక్కడే బైకు దూరుతుంది. ఊరి సెంటర్లలో జరిగే ప్రమాదాల్లో ఈ రకం ఎన్ని చూశానో చెప్పలేను.

ఘాట్. మీ స్కూలు ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లకపోవచ్చు, కనీసం ఒక వంతెన ఎక్కించి దించమనండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వాడాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం పాత డ్రైవర్లు నేర్పే పాడు అలవాటు. ఎయిర్ బ్రేకును మాటిమాటికీ తొక్కితే ఎయిర్ ఖర్చయిపోతుంది, డ్రమ్ములు వేడెక్కుతాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లి దిగొచ్చిన ఏ డ్రైవర్నడిగినా ఆ వాసన ఎలా ఉంటుందో చెబుతాడు.

రివర్స్ చివర నేర్చుకోండి, కానీ ఎక్కువ రోజులు నేర్చుకోండి. క్లీనర్ "రానీ రానీ" అంటూ బాడీ మీద కొడుతుంటే వెనక్కి రావడం అందరికీ వస్తుంది. క్లీనర్ లేకుండా, రెండద్దాల్లోనే చూసుకుని రావాలి. ఈ రోజుల్లో చాలా బండ్లలో క్లీనరే ఉండడు.

5. మీరే పరీక్ష పెట్టుకోండి

టెస్టు స్లాట్ బుక్ చేసేముందు ఖాళీ స్థలంలో ఈ మూడు చేయండి.

ఎత్తు మీద బండి ఆపి, వెనక టైరుకు జానెడు దూరంలో ఒక ఇటుక పెట్టించండి. హ్యాండ్ బ్రేకు తీసి బండిని ముందుకు కదిలించాలి, టైరు ఇటుకను తాకకూడదు.

లారీ వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. దానికి రెండు వైపులా మూర చొప్పున వదిలి రెండు డ్రమ్ములు పెట్టి, వాటి మధ్యకు రివర్స్ చేయండి. ఒకసారి వస్తే అదృష్టం. వరసగా మూడుసార్లు వస్తే వచ్చినట్టు.

నేల మీద గీత గీసి, ముందు బంపరు సరిగ్గా దాని మీద ఆగేలా బ్రేకు వేయండి. కుదుపు ఉండకూడదు. కుదుపు లేకుండా ఆపలేనివాడు లోడుతో ఆపలేడు.

మూడింట్లో ఏది రాకపోయినా స్లాట్ వాయిదా వేసుకోండి. ఎల్‌ఎల్‌ఆర్‌కు ఆరు నెలల గడువుంది.

6. టెస్టు రోజు

ఒరిజినల్ లైసెన్స్, ఎల్‌ఎల్‌ఆర్, ఫారం 5, ఫారం 1-ఏ, లారీ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్. లారీ కాగితాల్లో ఒకటి గడువు దాటినా మీ టెస్టు ఆగిపోతుంది, స్కూలును ముందు రోజే అడిగి చూసుకోండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు జనం తప్పేది పెద్ద విషయాల్లో కాదు. టెన్షన్‌లో సీటు బెల్టు మరిచిపోతారు, అద్దాలు సరిచేసుకోరు, ఇండికేటరు వేయకుండా కదిలిస్తారు, ఎత్తు మీద వెనక్కి జారతారు. తొందరేమీ లేదు. ఎయిర్ నిండేదాకా ఆగి, "ఎయిర్ చూస్తున్నాను సార్" అని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు ఫెయిలైతే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. రెండోసారి ఫెయిలయ్యాక వెంటనే మూడోసారి వెళ్లకండి, మధ్యలో నాలుగు క్లాసులు విడిగా డబ్బు కట్టైనా తీసుకోండి.

7. కార్డు వచ్చాక సరిచూడండి

ఎంపరివాహన్ యాప్‌లోనో డిజిలాకర్‌లోనో లైసెన్స్ తెరిచి, ట్రాన్స్‌పోర్ట్ తరగతి పడిందా, దాని గడువు తేదీ వేరుగా ఉందా చూడండి. కార్డు మీద ఉండి ఆన్‌లైన్‌లో లేకపోతే అది పనికిరాదు. ఏ మంచి ట్రాన్స్‌పోర్టరైనా ముందు ఆన్‌లైన్‌లోనే చూస్తాడు. మా ఆఫీసులో కార్డు చేతికి తీసుకోం కూడా, నంబరు, పుట్టిన తేదీ అడుగుతాం.

తర్వాత ఎవరి దగ్గర చేరాలి

కార్డు వచ్చిన మర్నాడే ఒంటరిగా లోడు ఎత్తకండి. రెండు మూడు నెలలు సెకండ్ డ్రైవర్‌గా వెళ్లండి. జీతం తక్కువైనా బత్తా ఉంటుంది. పగలు ఖాళీ బండి, తర్వాత పగలు లోడు, ఆ తర్వాతే రాత్రి.

పెట్రోలు, గ్యాస్, ఆసిడ్ ట్యాంకర్లకు హెవీ ఒక్కటే చాలదు. ప్రమాదకర సరుకులకు మూడు రోజుల శిక్షణ తీసుకుని ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. దీనికి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. జీతం బాగుంటుంది కాబట్టి ఏడాది లారీ అనుభవం వచ్చాక ఆలోచించండి.

కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ హెవీ డ్రైవర్ వీసా గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ఇక్కడి హెవీ, అనుభవం ఉంటే ఉద్యోగానికి అర్హత వస్తుంది, కానీ అక్కడ పనిచేయాలంటే అక్కడి లైసెన్స్ అక్కడే తీసుకోవాలి. అది ఎవరి ఖర్చుతో అన్నది ఒప్పందంలో రాయించుకోండి. ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టరై ఉన్నాడో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ.

ఇంకొక్కటి, అందరూ మరిచిపోయేది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ అయిదేళ్లకే అయిపోతుంది, ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ మూడేళ్లకే. ఇదివరకు గడువు దాటాక నెల రోజులు వెసులుబాటు ఉండేది, 2019 సవరణతో అది పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టుకే వెళ్లాలి. కార్డు చేతికొచ్చిన రోజే ఆ తేదీకి మూడు నెలల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. దాంతోపాటు ఫారం 1-ఏ అని కూడా రాసుకోండి, రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ మళ్లీ కొత్తది కావాలి.